మీకు తెలుసా? నేలను గాలితో కడగొచ్చు

మే నెలలో నల్లగొండలో నీడపట్టున కూడా ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరుతుంది. మందుల కంపెనీల్లో విరివిగా వాడే డైక్లోరోమీథేన్ అనే ద్రావకం సుమారు 40 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మన ఎండాకాలం మధ్యాహ్నం దాన్ని మూత లేని గిన్నెలో పోసి ఆరుబయట పెడితే, పొయ్యి అక్కర లేకుండానే మరిగి గాలిలో కలిసిపోతుంది.

అదే ద్రావకం డ్రమ్ములోంచి ఒలికి, మట్టిలోకి ఇంకి, నాలుగైదు మీటర్ల లోతుకు దిగిందనుకోండి. అక్కడ ఎండ తగలదు, గాలి ఆడదు. తడిబట్ట దండెం మీద ఆరుతుంది గానీ మడిచి పెట్టెలో పెడితే ఆరదు కదా. మట్టిలో చిక్కిన ద్రావకం కూడా అంతే, ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా నీటితో దిగి బోర్లను చేరుతుంది.

ఆ మట్టిని తవ్వకుండా, లారీలకెత్తకుండా, ఉన్నచోటనే ఆరబెట్టే పద్ధతి ఒకటుంది. ఈసారి సంగతులన్నీ దాని చుట్టూనే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనూ, చౌటుప్పల్ చుట్టుపక్కలా మందుల కంపెనీలున్నాయి. బరువు లెక్కన చూస్తే మందుల తయారీలో వాడే సరుకులో సగానికి పైగా ద్రావకాలే. విజయవాడ రోడ్డు, బెంగళూరు రోడ్డు పొడవునా పెట్రోలు బంకులు, వాటి కింద భూమిలో ట్యాంకులు ఉన్నాయి. అందుకే పాలమూరు, నల్లగొండ జనానికి ఈ విషయం తెలిసి ఉండాలని నా గట్టి నమ్మకం.

బోరు వేసేది నీళ్ల కోసం కాదు

పద్ధతి వినడానికి మామూలుగానే ఉంటుంది. చెడిన నేలలో బోరు వేస్తారు. కానీ నీళ్లు పడేదాకా వెళ్లరు, నీటిమట్టానికి పైనే ఆపేస్తారు. రసాయనం ఉన్న లోతులో సన్నటి చీలికలు కోసిన పీవీసీ పైపు దించి, దాని చుట్టూ గులకరాళ్లు నింపుతారు. పైభాగాన్ని బంకమట్టితో, సిమెంటుతో గాలి చొరకుండా మూసేస్తారు. పైన బ్లోయర్ బిగించి పైపులోంచి గాలిని లాగుతారు. లోపల పీడనం తగ్గడంతో చుట్టుపక్కల మట్టి సందుల్లోని గాలి పైపు వైపు నడవడం మొదలుపెడుతుంది. దారిలో తగిలిన ద్రావకం ఆవిరై ఆ గాలితో పాటు పైకొస్తుంది. దాని స్థానంలోకి కొత్త గాలి దిగుతుంది, అదీ కొంత ఆవిరిని మోసుకొస్తుంది.

పైకొచ్చిన గాలిని నేరుగా వదిలేస్తే నేలలోని విషాన్ని ఊరి మీదికి తోలినట్టే. అందుకని ముందు దానిలోని తేమను ఒక తొట్టిలో విడగొడతారు. తర్వాత ప్రత్యేకంగా కాల్చి తయారుచేసిన బొగ్గు నింపిన డ్రమ్ముల గుండా పంపుతారు. కొబ్బరి చిప్పల బొగ్గు ఇందుకు బాగా పనికొస్తుంది. ఆవిరి ఆ బొగ్గుకు అంటుకుపోతుంది, గాలి శుభ్రమై బయటికి వెళ్తుంది. ఆవిరి మరీ చిక్కగా వస్తుంటే దాన్ని కాల్చేసే యంత్రం పెడతారు.

ఇందులో చాలామంది పట్టించుకోని భాగం నేల పైన ఉంటుంది. బోరు చుట్టూ దూరం వరకు మందపాటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు, లేదా కాంక్రీటు వేస్తారు. అలా చేయకపోతే బ్లోయర్ దగ్గర్లో ఉన్న పైగాలినే లాక్కుంటుంది. మీటరు మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతుంటుంది, కరెంటు ఖర్చవుతుంటుంది, లోతు మట్టి మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అందుకే కొంచెం దూరంలో చిన్న పరీక్ష బోర్లు వేసి, అక్కడ పీడనం తగ్గిందో లేదో కొలుస్తారు. గాలి ఎంత దూరం నుంచి కదులుతున్నదీ ఆ కొలతలే చెబుతాయి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో, ఆవిరయ్యే రసాయనాలతో చెడిన మట్టి విషయంలో మొదట పరిశీలించాల్సిన పద్ధతుల జాబితాలో దీన్ని పెట్టింది.

వేడి నేల మనకు కలిసొచ్చింది

టోలుయీన్ ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో దాని ఆవిరి పీడనం చెబుతుంది. 10 డిగ్రీల దగ్గర అది పాదరసం లెక్కన 12 మిల్లీమీటర్లు. 20 డిగ్రీల దగ్గర 22. 30 డిగ్రీల దగ్గర సుమారు 37. చలిదేశాల్లో నాలుగు మీటర్ల లోతున మట్టి 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దక్షిణ తెలంగాణలో ఏడాది పొడవునా 30కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చలిదేశాల్లో మట్టిని వేడి చేయడానికి పైపుల్లో ఆవిరి పంపుతారు, కరెంటు కడ్డీలు దించుతారు. ఆ వేడిలో కొంత భాగం మనకు సూర్యుడే ఇస్తున్నాడు.

ఏ రసాయనం గాలికి లొంగుతుందో చెప్పడానికి నిపుణులు ఒక మోటు లెక్క పెట్టుకున్నారు. మామూలు వేడిలో ఆవిరి పీడనం 0.5 మిల్లీమీటర్లకు మించి ఉంటే ప్రయత్నించవచ్చు. పెట్రోలులోని బెంజీన్, టోలుయీన్, మందుల కంపెనీల డైక్లోరోమీథేన్, హెక్సేన్, లోహాల జిడ్డు తీసే ట్రైక్లోరోఇథిలీన్ ఈ కోవలోకి వస్తాయి. మిథనాల్ సంగతి వేరు. తేలిగ్గా ఆవిరయ్యేదే అయినా నీళ్లలో పూర్తిగా కలిసిపోయే గుణం ఉంది. తడి మట్టిలో నీటిని పట్టుకుని కూర్చుంటుంది, గాలి పిలిస్తే అంత త్వరగా రాదు.

మొరంలో దొరికితే దొరికినట్టే

మన ప్రాంతానికి ఈ విషయంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా భాగం గ్రానైటు, నైస్ రాళ్ల మీద ఉంది. పైన ఎర్ర చెల్క, దుబ్బ నేలలు. వాటి కింద రాయి లక్షల ఏళ్లుగా ఎండకూ వానకూ చివికి చివికి మొరమైంది. ఈ మొరం మందం ఒక్కోచోట ఒక్కో తీరు: కొన్నిచోట్ల రెండు మూడు మీటర్లు, కొన్నిచోట్ల పది పదిహేను. దాని కింద పగుళ్లున్న రాయి. ఇంకా కిందికి పోతే పగుళ్లు తగ్గుతూ గట్టి బండ వస్తుంది. బోరు బండి మీద పనిచేసేవాళ్లకు ఈ వరస కళ్లు మూసుకున్నా తెలుసు. మొరం ఉన్నంత వరకు కేసింగ్ దించుతారు, బండ తగలగానే కేసింగ్ ఆపేస్తారు.

ఈ వరసను శాస్త్రీయంగా తెలుసుకునేందుకు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చౌటుప్పల్ దగ్గర ఒక ప్రయోగ క్షేత్రం ఏర్పాటు చేసింది. అక్కడ గ్రానైటులో సుమారు 30 బోర్లు వేసి, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి, నీరు ఏ పగులులోంచి ఏ పగులులోకి పోతుందో కొలుస్తున్నారు. నల్లగొండ గ్రానైటు మీద వచ్చిన పరిశోధన పత్రాలు ఫ్రాన్స్‌లోనూ చదువుతారంటే కారణం ఈ బోర్లే. ఈ పరిశోధనల్లో తేలిన ముఖ్య విషయం: నీరు ఎక్కువగా నడిచేది చివికిన పొరకూ గట్టి రాయికీ మధ్య ఉన్న పగుళ్లలో. నీటిమట్టం పైన ఉన్నప్పుడు ఈ పగుళ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, నీరు దూరాలకు పోతుంది. మట్టం కిందికి పడిపోతే ఒక్కో చోటి నీరు అక్కడికక్కడే విడిపోతుంది.

ఇప్పుడు దీన్ని ద్రావకానికి అన్వయించి చూడండి. ఒలికిన రసాయనం మొరంలో ఉన్నంత కాలం దాన్ని గాలితో లాగొచ్చు. ఇసుకపాలు ఎక్కువున్న మన మొరంలో గాలి బాగానే నడుస్తుంది. దేవరకొండ వైపు దుబ్బ నేలల్లో ఇంకా బాగా నడుస్తుంది. నల్లరేగడిలో కష్టం. వానాకాలం అది ఉబ్బి సందులు మూసుకుంటుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చి గాలి ఆ నెర్రెల్లోంచే పోతుంది గానీ గడ్డల లోపలికి పోదు.

అదే రసాయనం మొరం దాటి బండ పగుళ్లలోకి జారితే ఇక వెంటాడటం దాదాపు అసాధ్యం. పెట్రోలు నీటికంటే తేలిక, నీటిమట్టం మీద తేలుతుంది. డైక్లోరోమీథేన్ సాంద్రత నీటికి 1.33 రెట్లు, ట్రైక్లోరోఇథిలీన్‌ది 1.46 రెట్లు. అవి నీళ్లలో మునిగి, పగులు ఎటు వాలి ఉంటే అటు పోతాయి. ఒక రైతు బోరులో వాసన రావచ్చు, పక్క చెలకలో బోరు శుభ్రంగా ఉండొచ్చు. రెండు బోర్ల మధ్య దూరం చూసి ఏమీ చెప్పలేం, పగులు దారి చూడాలి.

కాబట్టి మన దగ్గర ఈ పనికి అదను ఉంటుంది. సంక్రాంతి దాటాక నీటిమట్టం దిగుతుంది, మృగశిర దాకా మొరం గాలితో నిండి ఉంటుంది. వానలు కురిసి నీటిమట్టం లేస్తే ఆ మొరమే నీట మునుగుతుంది, గాలికి దారి ఉండదు. ఎక్కడన్నా ద్రావకం ఒలికిందని తెలిసినా, కమిటీలు, కాగితాలు అంటూ రెండు వానాకాలాలు గడిపితే, చేతికందిన దాన్ని మనమే బండలోకి తోసినట్టు అవుతుంది. నిపుణులు చెప్పాల్సింది చాలా ఉండొచ్చు గానీ, ఆలస్యం గురించి మాత్రం ఊరివాళ్లే గట్టిగా అడగాలి.

బ్లోయర్ ఆపితేనే అసలు సంగతి తెలుస్తుంది

మొదట్లో ఆవిరి చిక్కగా వస్తుంది. నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. అప్పుడు పని అయిపోయిందనుకుని ఆపేస్తే, కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఆవిరి పెరిగి కనిపిస్తుంది. గాలి సులువుగా పోయే సందుల్లోది ముందు వచ్చేసింది, బంక మట్టి గడ్డల్లో దాగినది ఇప్పుడు మెల్లగా బయటికి వస్తోందన్న మాట. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొంతకాలం నడిపి, కొంతకాలం ఆపి, మళ్లీ నడుపుతారు. ఇలా ఏళ్లు పట్టొచ్చు. కంపెనీ వాళ్లు గానీ అధికారులు గానీ ఒక్కరోజు కొలత చూపించి శుభ్రమైందంటే, ఆపిన తర్వాత ఎన్నాళ్లకు కొలిచారని అడగండి.

మట్టిలోని బ్యాక్టీరియా చేసే సాయం

1985 జనవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, హిల్ వైమానిక స్థావరంలో ట్యాంకు పొంగి 27,000 గ్యాలన్ల విమాన ఇంధనం నేలపాలైంది. మన లెక్కలో సుమారు లక్ష లీటర్లు. 1988లో బోర్లు వేసి గాలి లాగడం మొదలుపెట్టారు. బయటికొచ్చిన గాలిని పరీక్షిస్తే, అందులో ఇంధనం ఆవిరితో పాటు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా, ఆక్సిజన్ తక్కువగా కనిపించాయి. మట్టిలోని బ్యాక్టీరియా ఇంధనాన్ని తింటోందని అర్థమైంది. అంతవరకు ఊపిరాడక పస్తులున్న సూక్ష్మజీవులకు పైనుంచి దిగిన గాలి ఆక్సిజన్ అందించింది.

దాంతో ఇంకో పద్ధతి పుట్టింది. గాలిని జోరుగా లాగకుండా, బ్యాక్టీరియాకు సరిపడా నెమ్మదిగా పంపడం. డీజిల్ లాంటి బరువైన నూనెలు తేలిగ్గా ఆవిరి కావు, కానీ బ్యాక్టీరియా వాటిని తినగలదు. లారీల మరమ్మతు షెడ్లు, జనరేటర్ల దగ్గర డీజిల్‌తో నల్లబడిన మన నేలలకు నా ఉద్దేశంలో ఇదే ఎక్కువ పనికొస్తుంది. బొగ్గు డ్రమ్ముల ఖర్చు తగ్గుతుంది, చిన్న మోటరు చాలు.

భూమి రోజుకు రెండుసార్లు గాలి వదులుతుంది

మనలాంటి ఉష్ణదేశాల్లో గాలి పీడనం రోజూ ఒక క్రమంలో పెరిగి తగ్గుతుంది. పొద్దున పది గంటల ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగుకు తక్కువ; రాత్రి పదికి మళ్లీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకు తక్కువ. పీడనం పెరిగినప్పుడు గాలి నేలలోకి చొరబడుతుంది, తగ్గినప్పుడు నేలలోని గాలి బయటికొస్తుంది. ఎండిన బోరు గొట్టం మీద పలచటి కాగితం పెడితే ఒక్కోసారి అది లేవడం, ఒక్కోసారి అతుక్కోవడం కనిపిస్తుంది.

అమెరికాలో దక్షిణ కరోలైనా రాష్ట్రంలోని సవానా రివర్ అణుకేంద్రంలో ఇంజనీర్లు ఈ సహజ కదలికనే వాడుకున్నారు. బోరు మూతిలో పింగ్‌పాంగ్ బంతి అంతటి తేలికైన ప్లాస్టిక్ బంతి అమర్చారు. నేల గాలి వదిలేటప్పుడు బంతి లేచి దారి ఇస్తుంది. బయటి గాలి లోపలికి రాబోతే బంతి కిందికి దిగి మూసేస్తుంది. కరెంటు లేదు, మోటరు లేదు. ద్రావకం ఆవిరి కొంచెం కొంచెంగా బయటికి పోతూనే ఉంటుంది. పెద్ద కాలుష్యానికి ఇది చాలదు, చివర్లో మిగిలిన కొద్దిపాటిని తీయడానికి మాత్రం చాలా చవకైన ఉపాయం.

పాత మోట బావుల్లోకి పూడిక తీయడానికి దిగి ఊపిరాడక చనిపోయినవాళ్ల వార్తలు ఏటా ఎండాకాలం చదువుతూనే ఉంటాం. చుట్టూ ఉన్న నేలలోంచి ఆక్సిజన్ లేని గాలి బావిలోకి చేరి అడుగున నిలిచిపోవడం దీనికో కారణం. దీపం దించి చూడటం, వేపమండల కట్టను తాడుతో పైకీ కిందికీ ఆడించి గాలి మార్చడం పెద్దలు నేర్పిన జాగ్రత్తలు. గాలి మార్చడం ఇప్పటికీ మంచిదే. దీపం మాత్రం ఇప్పుడు అన్ని బావులకూ పనికిరాదు. దగ్గర్లో పెట్రోలు బంకు గానీ ద్రావకాలు వాడే కంపెనీ గానీ ఉంటే మంట దించొద్దు. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది.

ఫ్లోరైడ్‌కు గాలి మందు కాదు

నల్లగొండ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్లోరైడ్. గాలితో దాన్నీ తీయొచ్చు కదా అనిపించడం సహజం. కుదరదు. ఫ్లోరైడ్ గ్రానైటులోని ఖనిజాల నుంచి కరిగి నీటిలో అయాన్‌గా ఉంటుంది. నీరు ఆవిరైపోయినా అది పోదు, ఇంకా చిక్కబడుతుంది. మరగబెట్టిన నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుందనుకోవడం పొరపాటు, పెరుగుతుంది. దానికి వేరే దారి కావాలి. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో పటికా సున్నమూ కలిపి తేర్చే పద్ధతి రూపొందించింది. ఆఫ్రికా దేశాల పాఠ్యగ్రంథాల్లో కూడా దాన్ని ‘నల్లగొండ పద్ధతి’ అనే అంటారు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది మాత్రం నెల్లూరు జిల్లాలో, 1937లో.

మందుల అణువులు కూడా గాలికి రావు. పటాన్‌చెరులో అనేక మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఆ నీటికి ఎంత గాలి పట్టించినా మందు అలాగే ఉంటుంది. మూసీ మీద నల్లగొండ దారిలో పాతకాలపు కత్వలున్నాయి. వాటి మీంచి నురగలతో దూకే నీటిలో ద్రావకం ఉంటే కొంత గాలిలో కలిసిపోతుంది. ఉప్పులు, లోహాలు, మందులు మాత్రం కత్వ దాటి పొలాలకే పోతాయి. వాసన తగ్గింది కాబట్టి నీరు బాగుపడిందనుకోవడానికి లేదు.

ఎడిసన్‌లో ఇంటి పక్కన తెల్ల పైపు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో గానీ, పెన్సిల్వేనియాలో గానీ ఇల్లు కొన్న మనవాళ్లను అడగండి. చాలా ఇళ్ల గోడ పక్కన నేలలోంచి కప్పు దాకా ఒక తెల్ల పైపు, దానికో చిన్న ఫ్యాను ఉంటాయి. అది ఇంటి పునాది కింది మట్టిలోంచి గాలిని లాగి, కప్పు మీద వదులుతుంది. ఇల్లు కొనేముందు చేయించే పరీక్షల్లో రేడాన్ పరీక్ష మామూలే. భూమిలోని యురేనియం క్షయం చెందే క్రమంలో పుట్టే రేడియోధార్మిక వాయువు అది. రంగు, వాసన ఉండవు. 3.8 రోజులకు సగమవుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణం.

దీని కథ 1984 డిసెంబరులో మొదలైంది. పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు పనికి రాగానే రేడియేషన్ అలారాలు మోగాయి. కేంద్రం అప్పటికింకా విద్యుత్తు తయారీ మొదలుపెట్టనే లేదు. చివరికి రేడియేషన్ ఆయన ఇంటి నుంచి వస్తోందని తేలింది. ఆ ఇంట్లో రేడాన్, తర్వాత అమెరికా పెట్టుకున్న హద్దుకు వందల రెట్లు ఎక్కువ. పునాది కింది గాలిని లాగే పద్ధతి ఇంటింటికీ పాకింది ఆ తర్వాతే. ద్రావకం లాగే బోరూ ఈ తెల్ల పైపూ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి.

మనకూ యురేనియం ఉన్న నేలలున్నాయి. నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం నిక్షేపాలు దొరికాయి. 2003లో అక్కడ గనుల ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రజలు పెద్ద ఎత్తున వ్యతిరేకించారు. 2019లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అన్వేషణ మాట వచ్చినప్పుడు పాలమూరు అంతా కదిలింది. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. మన ఇళ్లకు తలుపులు, కిటికీలు రోజంతా తెరిచి ఉండటంతో రేడాన్ నిలవదు. ఏసీ కోసం బిగించుకుంటున్న కొత్త ఇళ్లకు ఆ ధీమా ఉండదు.

సిలికాన్ వ్యాలీ కింద ఏముంది?

మన పిల్లలు పనిచేసే కాలిఫోర్నియాలోని శాంటాక్లారా కౌంటీలో, అమెరికా ప్రభుత్వం అత్యంత కలుషితమని గుర్తించిన సూపర్‌ఫండ్ స్థలాలు 23 ఉన్నాయి. ఆ దేశంలో ఏ ఒక్క కౌంటీలోనూ అన్ని లేవు. చిప్‌లు కడిగిన ద్రావకాలు భూగర్భ ట్యాంకుల్లోంచి కారడమే ప్రధాన కారణం. పొగగొట్టాలు లేని పరిశ్రమ కదా అని ఊరంతా నమ్మిన కాలం అది. 2012 చివర్లో మౌంటెన్ వ్యూలోని గూగుల్ కార్యాలయ భవనాలు కొన్నింటిలో, నేలలోంచి లేచిన ట్రైక్లోరోఇథిలీన్ ఆవిరి హద్దు దాటింది. ఫ్యాక్టరీలు మూతపడి దశాబ్దాలు గడిచాక కూడా మట్టిలోని ద్రావకం పైకి లేస్తూనే ఉందన్న మాట. ఆ ప్రాంతంలో గాలి లాగే బోర్లు, నీటిని తోడి శుద్ధిచేసే యంత్రాలు ఏళ్ల తరబడి నడిచాయి. పరిశ్రమల పాత స్థలాల మీద వెంచర్లు వేసేవారూ, ప్లాట్లు కొనేవారూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన దగ్గరా చెత్తగుట్టలోంచి గాలి లాగుతున్నారు

హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ చెత్తగుట్టను మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పారు. లోపల చెత్త కుళ్లి పుట్టే మీథేన్‌ను గుట్టలోకి దించిన పైపులతో లాగి, శుద్ధిచేసి, వాహనాల ఇంధనంగా మార్చే ప్లాంటు 2021లో మొదలైంది. కప్పడం, గొట్టాలు దించడం, గాలి లాగడం, వచ్చిన వాయువును శుద్ధిచేయడం: పని వరస అదే. ఈ పని తెలిసిన చేతులు తెలంగాణలో ఉన్నాయి కాబట్టి, ద్రావకం ఒలికిన నేలల విషయంలో విదేశాల వైపు చూడాల్సిన అవసరం లేదు.

బంకు పక్కన ఇల్లుంటే

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త పెట్రోలు బంకులకు నిబంధనలు పెట్టింది. బడులు, ఆసుపత్రులు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరం ఉండాలి. తప్పనిసరైతే అదనపు రక్షణలతో 30 మీటర్లు, అంతకంటే తక్కువ కుదరదు. భూగర్భ ట్యాంకు కారితే దాచిపెట్టకుండా కాలుష్య నియంత్రణ మండలికి తెలపాలి. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అప్పటికి దేశంలో 103 చోట్లను కలుషిత స్థలాలుగా గుర్తించారు. అనుమానం ఉన్న స్థలాల జాబితా తయారుచేయడం, నిపుణుల చేత పరీక్షించడం, చెడగొట్టినవారి చేత ఖర్చు పెట్టించడం ఈ నియమాల్లో ఉన్నాయి. అంటే ఊరివాళ్లు ఇచ్చే ఫిర్యాదుకు ఇప్పుడు చట్టంలో ఒక చోటు దొరికింది.

శాంపిల్ తీసే తీరు

ఫిర్యాదుకు బలం ఇచ్చేది పరీక్ష. ఇక్కడే ఎక్కువ చోట్ల పని చెడుతుంది. బోరు నీళ్లకు మామూలుగా చేసే పరీక్షల్లో ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పులు, గట్టిదనం చూస్తారు. బెంజీన్, టోలుయీన్, డైక్లోరోమీథేన్ లాంటివి విడిగా అడిగితేనే చూస్తారు. అడగాలి. ముక్కును నమ్ముకోకూడదు, బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరు నీటికి 10 మైక్రోగ్రాములు. వాసన తెలిసేసరికి ఆ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

నీళ్లు పట్టే సీసా కూడా ముఖ్యమే. వాడేసిన ప్లాస్టిక్ బాటిల్‌లో సగం దాకా పట్టి, బండి డిక్కీలో పెట్టుకుని, ఎండలో ల్యాబుకు తీసుకెళ్తే దారిలోనే ద్రావకం ఆవిరైపోతుంది. రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, ఫిర్యాదు మూసేస్తారు. దీనికి 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలుంటాయి, మూత లోపల టెఫ్లాన్ పొర ఉంటుంది. ల్యాబు నుంచే వాటిని ముందుగా తెచ్చుకోవాలి. బోరు కాసేపు నడిచాక నీళ్లు చిమ్మకుండా నెమ్మదిగా, అంచు పొంగేదాకా నింపాలి. మూత బిగించాక సీసాను తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. గాలిబుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ పట్టాలి. ఐసు పెట్టెలో, 4 డిగ్రీల దగ్గర ఉంచి అదే రోజు పంపాలి. పరీక్ష 14 రోజుల్లోపు పూర్తికావాలి. ఒక్కో బోరుకు రెండు మూడు సీసాలు పట్టి, సర్వే నంబరు, తేదీ, సమయం రాసి, ఊరివాళ్లిద్దరి సంతకాలతో ఒక కాగితం దగ్గర పెట్టుకోవాలి.